రాజమండ్రి దాటాక గోదావరి

పాఠకులు రచయిత్రిని అడిగే ప్రశ్నలు చాలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, తిప్పి తిప్పి చూస్తే అవి మూడే. "మీ రచనలకు ప్రేరణ ఏమిటండీ?" అన్నది మొదటిది. "ఇది నిజంగా జరిగిందా?" రెండోది. "మీ రాతలంటే మీ వారికి ఇష్టమేనా?" మూడోది. ఈ మూడోదాన్ని ఏ మగ రచయితనైనా, వాళ్ళావిడ గురించి, ఎవరైనా అడగగా నేనింతవరకూ వినలేదు. దానికి మాత్రం నేను మొదట్నుంచీ నిజమే చెబుతున్నాను: మావారు పేపరు తప్ప ఏమీ చదవరు. తక్కిన రెండింటికీ ఇన్నేళ్ళుగా చెప్పిన జవాబులన్నీ వరసగా పెట్టి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది, కొన్నిచోట్ల సిగ్గేస్తోంది. పోనీ అవి అబద్ధాలందామా అంటే, అబద్ధమాడేవాళ్ళకి కనీసం నిజమేమిటో తెలిసి ఉంటుంది. నాకు చాలాసార్లు అదీ తెలియదు.

ఈ రోగం ఎక్కడ అంటుకుందో చెప్పగలను. మా ఇంటికి ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చేది. అట్ట తిప్పగానే అమ్మ వెతుక్కునేది మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం'. వంటల దగ్గర్నుంచి పిల్లల చదువులు, అత్తింటి తగాదాలు, ఒంట్లో నలతలు, లోకం సంగతులు దాకా ఎవరేమడిగినా ఆవిడ దగ్గర జవాబుండేది. అదీ నాలుగు ముక్కల్లో, నానబెట్టకుండా. దశాబ్దాల తరబడి నడిచిన శీర్షిక అది. దాన్ని చదివి పెరిగిన నేను నేర్చుకున్నది ఒక్కటే: అడిగినవాళ్ళకి జవాబు చెప్పి తీరాలి, తడుముకోకూడదు. ఆ నాలుగు ముక్కల వెనక ఆవిడ ఎంత చదివి ఉంటుందో నా బుర్రకి తట్టలేదు. తర్వాత స్వాతి మాసపత్రికలో ఆవిడే 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని తెలుగువాళ్ళకి పరిచయం చేస్తుంటే, పరిచయం చదివినప్పుడల్లా నవలే చదివేసినట్టు లెక్క వేసుకున్నాను. అవి చదివి అసలు పుస్తకాలు వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. నేను మాత్రం ఆ పేర్లని సభల్లో వాడుకోవడానికి దాచుకున్నాను, బీరువాలో పట్టుచీరల్లాగా.

మొదటి నవల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకమై, నా చేతికి అందేసరికి మా తెనాలిలో అద్దె లైబ్రరీ ప్రతి అయింది. పేజీల అంచులకి ఎవరిదో తలనూనె, ఎవరిదో పసుపు. జయంతి, రాజశేఖరం తప్ప వేరే లోకం లేకుండా కొన్నాళ్ళు గడిచాయి. నేను రాసిన మొదటి నవలలో కథానాయకుడు రాజశేఖరమే, చొక్కా మార్చుకుని వచ్చాడు. అతనికీ పొడుగూ ఉంది, పొగరూ ఉంది, మేడా ఉంది, కారూ ఉంది. ఒక పాఠకురాలు "ఈ పాత్రకి ప్రేరణ ఎవరండీ?" అని రాస్తే, "మా ప్రాంతంలో నేను దగ్గరగా చూసిన, కొత్త ఆలోచనలున్న యువతరం" అని జవాబిచ్చాను. మా వీధికంతటికీ కారున్నవాడు ఒక్క రైసుమిల్లు యజమాని. ఆయనకి అప్పటికే షష్టిపూర్తి అయిపోయింది.

ఆ రోజుల్లో పత్రికలకి ఆడపేరు కావాలి. మగవాళ్ళు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసేవారు. పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు 'పురాణం సీత' పేరుతో రాసిన 'ఇల్లాలి ముచ్చట్లు' ఎంతమంది ఇల్లాళ్ళు తమ ముచ్చట్లే అనుకున్నారో. బీనాదేవి అంటే ఒక ఆవిడ కాదనీ, భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరనీ తెలిసి మా మేనత్త చాలా నొచ్చుకుంది. ఆ గాలిలోనే నాకూ ఒక కార్డు వచ్చింది: "మీరు నిజంగా స్త్రీయేనా? జవాబు కార్డు జతపరిచాను." రచయిత్రిగా నాకు వచ్చిన ప్రశ్నల్లో తడుముకోకుండా నిజం చెప్పగలిగిన మరో ప్రశ్న అదే. 'అవును' అని రాసి పంపాను. కార్డులో చాలా జాగా మిగిలిపోయిందని బాధ కూడా పడ్డాను.

ఇక అసలు కథ రెండో నవలది.

దాంట్లో నాయికది రాజమండ్రి. మొగుడు పెట్టే బాధ పడలేక ఒక రాత్రి ఇల్లు వదిలి, విశాఖపట్నంలో ఉద్యోగానికని రైలెక్కుతుంది. ఊరు దాటగానే గోదావరి. వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది. ఆమె తన ఎర్ర సంచీలోంచి మొగుడు పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాల కట్ట తీసి, కిటికీలోంచి నదిలోకి వదిలేస్తుంది. వారపత్రికలో అది 'సశేషం' పడే చోటు. ఆ వారం తర్వాత వచ్చిన ఉత్తరాలు ఆఫీసువాళ్ళు కట్టలు కట్టి పంపారు. తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చామన్నవాళ్ళున్నారు. చిత్రకారుడు వేసిన బొమ్మ కూడా బాగా కుదిరింది: కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి, కింద చంద్రుడు పడిన నీళ్ళు.

ఆ కట్టలో ఒక పొడుగు కవరు. రాసినాయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ముత్యాల్లాంటి దస్తూరీ. నవల ఆసక్తిగా చదువుతున్నాననీ, ఇంట్లో ఆడవాళ్ళకి తనే పైకి చదివి వినిపిస్తున్నాననీ రాసి, చివర్లో ఒక సందేహం: "రాజమండ్రిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళకి గోదావరి ఎక్కడ వస్తుందమ్మా?"

చదివి నవ్వుకున్నాను. రాజమండ్రిలో గోదావరి ఎక్కడుందని అడిగేవాడు కూడా ఉంటాడా అని. తర్వాత మావారి రైల్వే టైంటేబుల్లో ఉన్న పటం తీసి చూస్తే చెమటలు పట్టాయి. విజయవాడ వైపు నుంచి వస్తే ఏలూరు, నిడదవోలు, కొవ్వూరు, అప్పుడు గోదావరి, అది దాటాక రాజమండ్రి. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది. విశాఖ ఇంకా తూర్పుకి, పైకి. రాజమండ్రిలో ఎక్కి విశాఖ వెళ్ళే మనిషి గోదావరికి వీపు తిప్పి కూచుంటుంది తప్ప దాన్ని దాటే ప్రసక్తే లేదు.

ఇంత పెద్ద నదిని ఎలా తారుమారు చేశానో కూడా చెప్పాలి. అప్పటికి నేను గోదావరిని చూసింది ఒక్క ప్రయాణంలో, చిన్నప్పుడు, కాకినాడలో పెళ్ళికి వెళ్ళినప్పుడు. వెళ్ళేటప్పుడు నిద్రపోయాను. తిరిగి వచ్చేటప్పుడు రాజమండ్రి దాటగానే నాన్న లేపి, చేతిలో పదిపైసల బిళ్ళ పెట్టి, "గోదారమ్మకి వెయ్యి, దణ్ణం పెట్టుకో" అన్నాడు. రాజమండ్రి, వెంటనే గోదావరి: ఆ వరస నా మనసులో అచ్చుపడిపోయింది. వరస సరైనదే. అది ఇంటికి తిరిగొచ్చే దారి. ఇల్లు వదిలిపోయే పిల్లని నేను ఆ దారిలో ఎక్కించాను.

ఇంత సులువైన సంగతి ఒక కార్డు ముక్క మీద రాసేస్తే సరిపోయేది. "పొరపాటైంది బాబాయిగారూ, తిరుగు ప్రయాణం జ్ఞాపకంలో రాశాను" అంటే ఆయన ఎంతో సంతోషించి ఉండేవారు. నేనేం చేశానంటే, ఠావు కాగితం తీసుకుని, సాహిత్యంలో నది అనేది భూగోళ శాస్త్రానికి లోబడదనీ, అది నాయిక అంతరంగంలో ప్రవహించే గోదావరి అనీ, ఆ దృశ్యానికి ప్రేరణ నదికీ స్త్రీకీ యుగాలుగా ఉన్న బంధమనీ రెండువైపులా నింపి పంపాను. రాస్తున్నంతసేపూ నాకది నిజమేననిపించింది. అసలు ముందునుంచీ నా ఉద్దేశం అదేనేమో అన్నంత నమ్మకం కుదిరింది. ఇదే నేను ఒప్పుకోవలసిన విషయాల్లో అన్నిటికన్నా కష్టమైనది. ఇతరుల్ని నమ్మించడానికి మొదలుపెట్టిన మాటల్ని మొట్టమొదట నమ్మేది నేనే.

వారం తిరక్కుండా పోస్టుకార్డు వచ్చింది. దాని మీద స్కేలు పెట్టి ఒక గీత గీశారు. గీత మీద వరసగా చుక్కలు, చుక్కల కింద పేర్లు: కొవ్వూరు, గోదావరి, రాజమండ్రి, కడియం, ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట, పిఠాపురం, అన్నవరం, తుని, అనకాపల్లి, విశాఖపట్నం. కింద రెండు వాక్యాలు. "అంతరంగం సంగతి నాకు తెలియదమ్మా. రైలు మాత్రం ఇలా వెళుతుంది." ఆ పక్కన సన్నగా ఇంకో మాట: వంతెన ఏదో కూడా రాస్తే బాగుంటుంది, 1900లో కట్టిన హేవలాక్ వంతెనా, 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెనా? రెండోదైతే పైన రోడ్డు, కింద రైలు, అటూ ఇటూ ఇనప దూలాలు; ఉత్తరాల కట్ట వాటికి కొట్టుకుని పట్టాల పక్కనే పడిపోయే అవకాశం ఉంది.

దానికి నేను జవాబివ్వలేదు. కోపం వచ్చింది. ఇప్పుడాలోచిస్తే, నా రచన మీద అంత శ్రద్ధ పెట్టి ఎవరూ చదవలేదు, మావాళ్ళెవరూ అంతకన్నా కాదు. గార్డు ఉద్యోగం చేసిన మనిషి, రైలు ఎటు పోతోందో చూడ్డమే ఆయన పని. ఆ పని నా నాయిక కోసం కూడా చేశాడు.

సీరియల్ పుస్తకంగా వచ్చే ముందు దిద్దుకునే అవకాశం వచ్చింది. నదిని తీసేయడానికి ప్రాణం ఒప్పలేదు, ఎందుకంటే ఉత్తరాలన్నీ ఆ నది గురించే. విశాఖని తీసి విజయవాడ చేద్దామంటే తర్వాత కథంతా సముద్రం ఒడ్డున నడుస్తుంది. చివరికి ఒక ఉపాయం తట్టింది. చీకట్లో, కంగారులో ఆమె తప్పు రైలెక్కుతుంది. విశాఖ వెళ్ళే బండి అనుకుని విజయవాడ వెళ్ళే బండి ఎక్కేస్తుంది. గోదావరి దాటుతుంది, ఉత్తరాలు వదిలేస్తుంది, అప్పుడు ఎవరో చెబితే తెలుసుకుని కొవ్వూరులో దిగి, తెల్లారేదాకా బల్ల మీద కూచుని, వెనక్కి వస్తుంది. ఒకటిన్నర పేజీ పెరిగింది. ఈసారి జాగ్రత్తగా 'ప్యాసింజరు' అని కూడా రాశాను. ఎక్స్‌ప్రెస్సులన్నీ కొవ్వూరులో ఆగవు, ఆ గార్డుగారు మళ్ళీ కార్డు రాస్తారని భయం.

నా పుస్తకాలన్నిటిలో విమర్శకులు మెచ్చుకున్నది ఆ ఒకటిన్నర పేజీనే. స్వేచ్ఛ కోసం బయల్దేరిన స్త్రీ మొదటి అడుగు తప్పు దిశలో పడటం, నదిని రెండుసార్లు దాటవలసి రావడం, కొవ్వూరు ప్లాట్‌ఫారం మీద ఆ ఒంటరి రాత్రి. ఒకాయన దాన్ని 'నవలకు గుండెకాయ' అన్నారు. సభలో శాలువా కప్పుతున్నప్పుడు వింటూ తల వంచుకుని కూచున్నాను. వినయం అనుకున్నారు.

ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది, నా నవలల మీద ఎం.ఫిల్ చేస్తూ. ప్రశ్నల జాబితా టైపు చేయించుకుని తెచ్చింది. మంచి పిల్ల, చాలా చదివింది; నాకన్నా చాలా ఎక్కువ. "తప్పు రైలు ఘట్టానికి ప్రేరణ ఏమిటి మేడమ్?" అంది. రిటైర్డు గార్డు రాసిన పోస్టుకార్డు అని చెప్పడానికి నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది మాత్రం 'అన్నా కెరెనినా'.

ఎందుకొచ్చిందంటే, రైలూ ఆడదీ అనగానే ఎవరికైనా వచ్చే పేరు అది. పుస్తకం మా ఇంట్లో ఉంది కూడా. విశాలాంధ్ర పుస్తకాల షాపులో రష్యా పుస్తకాలు ఎంత చవగ్గా దొరికేవో ఆ తరం వాళ్ళందరికీ గుర్తే. గట్టి అట్ట, బరువైన పుస్తకం, రవిక గుడ్డ ధరకే. ఇంగ్లీషు అనువాదం కొన్నాను. మొదటి పేజీలు చదివాను. రష్యన్ పేర్లు, ఒక్కో మనిషికి మూడేసి పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద రాసుకుంటూ కొన్నాళ్ళు లాగి, అలమరలో పెట్టేశాను. ఆఖరికి ఆమె రైలు కింద పడుతుందని తెలుసు. లోకంలో అందరికీ తెలిసినంతే నాకూ తెలుసు.

ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. "నేననుకున్నాను మేడమ్! ఆ ఎర్ర సంచీ కూడా అందుకేనా?" అంది.

ఏ ఎర్ర సంచీయో నాకు తెలియదు. నా నాయిక ఎర్ర సంచీ తెలుసు. అది మా పెళ్ళి బట్టలు కొన్నప్పుడు కొట్టువాడు ఊరికే ఇచ్చిన గుడ్డ సంచీ, దాని మీద కొట్టు పేరూ ఫోను నెంబరూ అచ్చువేసి ఉండేవి. నవలలో ఆ అచ్చు తీసేశానంతే. నేను ఒక్క క్షణం ఆగి, చిరునవ్వు నవ్వి, "గమనించావన్నమాట" అన్నాను. రచయితలకి ఈ చిరునవ్వు చాలా సాయం చేస్తుంది. అవతలివాళ్ళు మిగతాది వాళ్ళే పూరించుకుంటారు.

ఆమె వెళ్ళాక ఆ పుస్తకం దించి, ఆఖరి భాగాలు తిరగేశాను. నిజమే. అన్నా చేతిలో ఎర్ర సంచీ ఉంటుంది. మొదటి పెట్టె కింద పడబోయినప్పుడు దాన్ని చేతినుంచి తీయడంలో ఆలస్యమై ఆ పెట్టె దాటిపోతుంది. అంత ఘోరమైన చోట అంత చిన్న వస్తువుని పెట్టినవాడి ముందు నా గుడ్డ సంచీ ఏపాటిది? ఆ వారమంతా నవల మొదట్నుంచీ చదివాను, ఈసారి పేర్ల కాగితం లేకుండానే అర్థమైంది. సిద్ధాంత వ్యాసంలో మాత్రం నా మాట అచ్చయిపోయింది. 'రచయిత్రి స్వయంగా అంగీకరించారు' అని ఉంది అందులో. తర్వాత వేరేవాళ్ళు దాన్ని ఉదహరించారు. వాళ్ళని చూసి ఇంకొకరు.

టాల్‌స్టాయ్‌ని ఎవరైనా ప్రేరణ అడిగితే ఏం చెప్పేవాడో నాకు తెలియదు గానీ, జరిగిన సంగతి పుస్తకాల్లో ఉంది. 1872 జనవరిలో ఆయన ఊరి దగ్గర్లోని యాసెంకి స్టేషన్లో ఒక స్త్రీ రైలు కింద పడింది. పేరు అన్నా పిరొగోవా. ఇరుగుపొరుగు భూస్వామి ఇంట్లో ఉండేది, అతను తనని వదిలేస్తాడన్న బాధలో ఆ పని చేసింది. టాల్‌స్టాయ్ వెళ్ళి ఆ శవాన్ని చూశాడు. మరుసటి ఏడాది నవల మొదలుపెట్టాడు. ఒక ఇంటి గొడవ, ఒక స్టేషను. అదీ సీరియలే: 1875 నుంచి 77 దాకా పత్రికలో వచ్చింది, ఆఖరి భాగం దగ్గర సంపాదకుడికీ ఆయనకీ చెడి, ఆ భాగం విడిగా అచ్చు వేసుకోవలసి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగింది. సంపాదకులు అన్ని దేశాల్లోనూ ఒకటే.

మన గురజాడ వారి మాటే చూడండి. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు ముందుమాటలో ఆయన ప్రేరణ, అంతరంగం లాంటి మాటలతో కాలక్షేపం చేయలేదు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితాని విజయనగరం మహారాజావారు తీయించారనీ, లెక్క 1034 తేలిందనీ రాశారు. జాబితా! నాటకానికి ప్రేరణ ఒక పట్టీ. అంత బోడి మాట చెప్పడానికి ఆయనకి మొహమాటం వేయలేదు.

అందరికన్నా నాకు అసూయ పుట్టించింది అగాథా క్రిస్టీ. 1935లో వచ్చిన ఆమె నవలొకదానిలో విమానంలో హత్య జరుగుతుంది, విషపు ముల్లు ఊదే గొట్టం ఒకటి దొరుకుతుంది. నిజానికి ఆ గొట్టాలు మనిషంత పొడుగుంటాయి, విమానంలో దాచిపెట్టేంత పొట్టిగా ఉండవు. ఆమె దీనికి నాలా ఠావులు నింపలేదు. తన నవలల్లోనే అరియడ్నీ ఆలివర్ అనే రచయిత్రి పాత్రని పెట్టింది. డిటెక్టివ్ నవలలు రాసే ఆ పాత్ర తన డిటెక్టివ్‌ని ఫిన్లాండ్ వాడిగా ఎందుకు పెట్టానా అని తల బాదుకుంటుంది, ఎందుకంటే ఫిన్లాండ్ గురించి ఆమెకి ఒక్క ముక్క తెలియదు, అక్కణ్ణుంచి తప్పులు పడుతూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. 1952 నాటి నవలలో ఆ పాత్ర చేతే ఆ గొట్టం పొడుగు తప్పు కూడా ఒప్పించింది. నేను కూడా అలా ఒక పాత్రని పెట్టుకుని ఉంటే, కొవ్వూరు బల్ల మీద నా నాయిక పక్కన ఒక గార్డుని కూచోబెట్టి ఉండేదాన్ని. ఇప్పుడు తడుతోంది.

ఇంతవరకూ చెప్పినవి నవ్వుకోవడానికి పనికొస్తాయి. ఇంకొక ఉత్తరం ఉంది, దానికి నవ్వు రాదు.

అది ఇన్‌లాండ్ లెటరు. అన్నవరం వైపు పల్లె నుంచి. చదువు కొంచెమే అయినట్టు రాత, గుణింతాలు తప్పులు. నవల పేరు కూడా సరిగ్గా లేదు. నా నాయిక విశాఖలో ఒక మహిళా హాస్టల్లో చేరుతుంది కదా, ఆ హాస్టలు ఏ వీధిలో ఉంది? నెలకి ఎంత తీసుకుంటారు? చిన్నపిల్లతో వస్తే ఉండనిస్తారా? మొగుడి సంతకం అడుగుతారా? అంతే, నాలుగు ప్రశ్నలు. నా గురించి, నా ప్రేరణ గురించి ఒక్క మాట లేదు. సంతకం ఉంది, ఆ ఊరి బడి పంతులమ్మ చిరునామాకి జవాబు పంపమని ఉంది.

ఆ హాస్టలు నేను కల్పించింది. విశాఖలో నాకు తెలిసిన హాస్టలే లేదు. నాయికకి ఒక గది కావాలి, ఒక కిటికీ కావాలి, కిటికీలోంచి సముద్రం కనపడాలి; వార్డెన్ మంచిది కావాలి. పెట్టేశాను. అద్దె ఎంతో, ఆమె జీతమెంతో, నెలాఖరుకి ఏమైనా మిగులుతుందో నవల మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. రాజశేఖరం మేడకి అద్దె ఉండదు కదా, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

ఆ ఉత్తరానికి నేనిచ్చిన జవాబు తల్చుకుంటే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. 'చెల్లెమ్మా' అని మొదలుపెట్టాను. హాస్టలు ముఖ్యం కాదనీ, ప్రతి స్త్రీ తనలోనే ఒక గదిని నిర్మించుకోవాలనీ, ఆ పాత్రని నేను ఎలా మలిచానో, దాని వెనక ఏ ఏ ఆలోచనలున్నాయో రెండు పేజీలు రాశాను. బాగా రాశాననిపించి నకలు తీసి ఉంచుకున్నాను. ఒక మహిళా సంఘం సభలో చదివి వినిపించాను కూడా. చప్పట్లు కొట్టారు. ఆ హాల్లోనే, ముందు వరసలో, విశాఖ నుంచి వచ్చిన లెక్చరరు ఒకావిడ కూచునుంది. ఆవిణ్ణి అడిగితే హాస్టళ్ళ పేర్లు చెప్పేది, బహుశా చీటీ మీద ఫోను నెంబర్లతో సహా రాసిచ్చేది. నాకు అడగాలని తట్టలేదు. ఆవిడ వచ్చి నా జవాబు అద్భుతంగా ఉందని చెప్పి వెళ్ళింది.

అన్నవరం నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. రాకపోవడానికి ఎన్ని కారణాలైనా ఉండొచ్చునని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మనిషి రైలెక్కిందో లేదో, ఎక్కితే ఎటు పోయే రైలెక్కిందో నాకు తెలియదు. గార్డుగారి ఉత్తరంలోనూ ఈమె ఉత్తరంలోనూ ఉన్నది ఒకే రకం ప్రశ్న అని కూడా నాకు చాలా ఆలస్యంగా కనపడింది. ఇద్దరూ దారి అడిగారు. ఇద్దరికీ నేను నా గురించి చెప్పాను.

ఈమధ్య పుస్తకాల పండగల్లో రచయితలతో ముఖాముఖి అని పెడుతున్నారు. కుర్చీ వేస్తారు, మైకు ఇస్తారు. పిల్లలు వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. ఇప్పుడు నేను తెలిసినంతవరకు ఉన్నదే చెబుతున్నాను: ఈ కథ ఇంటి పన్ను కట్టడానికి రాశాను, ఈ పాత్ర మా పక్కింటావిడ, ఆవిడకి తెలిసి ఆర్నెల్లు మాట్లాడలేదు, ఈ ముగింపు సంపాదకుడు వచ్చే వారం ఆపెయ్యమన్నాడు కాబట్టి అలా అయింది. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. పాతవే చెబితే బాగుండేదేమో అని నాకే అనిపిస్తుంటుంది. నిజానికి పెద్దగా గిరాకీ లేదు.

ఇప్పుడీ పురాణమంతా ఎందుకంటే, ఆ రెండో నవల మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ప్రచురణకర్త కొత్త ముందుమాట అడిగాడు, 'నవల వెనక కథ' అన్నట్టుగా. ఇవన్నీ రాసి ఇచ్చాను. ఆయన ఓపిగ్గా చదివాడు. గార్డుగారి సంగతి సరదాగా ఉంది, ఉంచుదామన్నాడు. హాస్టలు ఉత్తరం కదిలించేలా ఉంది, ఉంచుదామన్నాడు. టాల్‌స్టాయ్ ముక్క మాత్రం తీసెయ్యమన్నాడు. ఎందుకయ్యా అంటే, ఆ ఎం.ఫిల్ అమ్మాయి ఇప్పుడు ప్రొఫెసరు, పాఠ్యగ్రంథాల కమిటీలో ఉంది, ఈ నవలని డిగ్రీకి పెట్టించే ప్రయత్నంలో ఉన్నాం, ఆవిడ సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం ఎర్ర సంచీ మీదే ఉంది అన్నాడు.

అక్కడ మాకు చెడింది. ముందుమాట లేకుండానే పుస్తకం వస్తుంది. అచ్చు ఎలాగూ అవ్వాలి కాబట్టి ఇది పత్రికకి పంపుతున్నాను. ఆమె ఈ పత్రిక తప్పకుండా చదువుతుంది, చదివిన సాయంత్రమే ఫోను చేస్తుంది, ఆమె సంగతి నాకు తెలుసు. ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. ముందే అనుకుని ఉంచుకుంటే మళ్ళీ ఏదో ఒకటి బ్రహ్మాండంగా తయారవుతుంది.